ఆ కిటికీలో ఎప్పుడూ మంగళవారమే

బొంగరం అని ఆమెకు పేరు పెట్టినవాడు మోల్డింగు మేస్త్రీ. పెట్టి ఊరుకున్నాడా, వర్క్‌షాపులో ప్రతివాడి నోటా అదే పలికేదాకా నిద్రపోలేదు. ఆ పేరు విని ఆమె కోప్పడిందా అంటే, కోప్పడాలన్నా ఒక్కచోట నిలబడాలి కదా. కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అటు తలుపు నుంచి ఇటు తలుపుకి పోతూ, "పెట్టుకోండి, పెట్టుకోండి, మీ సరదా నేనెందుకు కాదనాలి" అని వెళ్లిపోయింది.

పెద్ద ఆసుపత్రి వెనక, దుప్పట్లు ఉతికే షెడ్డుకీ జనరేటరు గదికీ నడుమ ఉంటుంది ఆ వర్క్‌షాపు. పాదం లోపలికి తిరిగిపోయిన పిల్లలకు అక్కడ బ్రేసులు చేస్తారు. బ్రేసంటే మోకాలి కింద నుంచి వేళ్లదాకా కాలిని పట్టి ఉంచే ప్లాస్టిక్ తొడుగు, దానికి తోలు పట్టీలు. పిల్లల కాళ్లు కొలవడం, ఆ కొలతలు కంప్యూటరుకి చెప్పడం, అది ప్రింటు తీసి ఇచ్చిన కాగితం మేస్త్రీ చేతిలో పెట్టడం బొంగరం పని. కూర్చుని చేసుకోవాల్సిన పనే. కానీ ఆమె కూర్చోగా చూసినవాళ్లు లేరు. నిలబడే టైపు కొడుతుంది. ఎవరైనా కుర్చీ చూపిస్తే దాని వీపు పట్టుకుని మాట్లాడుతుంది తప్ప అందులో దిగదు.

ఆ స్థిమితం లేకపోవడం ఒక్క కాళ్లతో ఆగితే బాగుండేది. మనసుదీ అదే తీరు. పొద్దున ఇంటికి తాళం వేసి మెట్లు దిగుతుంది. మళ్లీ ఎక్కి, తాళం లాగి చూసి, దిగుతుంది. వీధి మలుపు తిరిగాక కొత్త అనుమానం: తాళం పడే ఉందేమో, నేను లాగడం వల్లే ఊడిందేమో! ఆమె భర్త కొట్లకు సరుకులు చేరవేసే వ్యాను నడుపుతాడు. నిదానస్తుడు. "నీ అనుమానం తాళం మీద కాదే, నీ చేతుల మీద" అంటాడు. మాట నిజం కావడం వల్ల ఆమెకు ఒళ్లు మండిపోతుంది.

దీనికి మూలం ఎక్కడుందంటే బాబాయి దర్జీ కొట్టులో ఉంది. చిన్నప్పుడు ఆ కొట్లో కాలర్లు కత్తిరించేది. కత్తెర పెట్టేముందు బాబాయి మూడుసార్లు కొలవమనేవాడు. రెండుసార్లకే ఆపిందని తెలిస్తే చెక్క స్కేలు వేళ్ల మీద పడేది. బాబాయి పోయాడు, కొట్టు పోయింది, ఆ చోట ఇప్పుడెవరో ఫోన్లు బాగుచేస్తున్నారు. స్కేలు మాత్రం ఆమె వేళ్ల మీదే ఉండిపోయింది. టైపిస్టుగా ఈ వర్క్‌షాపులో చేరినప్పుడు పిల్లల కాళ్లు కొలిచే మనిషి లేక ఇన్‌ఛార్జి తల పట్టుకుని ఉన్నాడు. టేపు ఈమె చేతికిచ్చి చూశాడు. ఆ చేతులు టేపుతోనే పెరిగిన చేతులు. ఆ రోజు నుంచి ఆమె కొలతలమ్మ అయింది, పిల్లలకు కొలతలాంటీ అయింది.

అయితే ఆ అనుమానాల వల్ల పరువు కూడా పోగొట్టుకుంది. ఒక పిల్లవాడి ఎడమకాలి కొలత కుడికాలికి రాశానేమోనని ఆరిపోయిన ప్లాస్టరు అచ్చు పగలగొట్టించింది. తీరా చూస్తే కొలత సరిగ్గానే ఉంది. మరోసారి ఓవెన్‌లో కాగుతున్న ప్లాస్టిక్ రేకు బయటికి తీయించింది. అదీ సరిగ్గానే ఉంది. రేకు పాడయింది, మేస్త్రీ నోరు కూడా పాడయింది. అప్పటినుంచి ఆమె "ఆగండి" అంటే ఆ వర్క్‌షాపులో ఎవరూ ఆగడం మానేశారు.

ఇక ఆ కంప్యూటరు ప్రోగ్రాం సంగతి. కాలి కొలతలూ పుట్టిన తేదీ చెప్తే, రేకు ఏ ఆకారంలో కత్తిరించాలో, ఎంత మందం ఉండాలో, మడమ దగ్గర ఎంత వంపు పెట్టాలో అది లెక్కకట్టి చెప్తుంది. పసివాళ్ల ఎముక లేతది కాబట్టి పల్చటి రేకు, ఎదిగిన పిల్లలకు మందమైన రేకు. బరువు అడగదు, వయసే దానికి ప్రమాణం. మంచి ప్రోగ్రామే. ఒకటే లోటు, దాన్ని తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాత కంప్యూటరు ఉన్నన్నాళ్లూ ఆ లోటు ఎవరికీ తెలియలేదు. ఒక పొద్దున అది కాలిన వాసన వేసి కన్నుమూసింది. కొత్త కంప్యూటరు తెచ్చి పెడితే, దానికి ఈ ప్రోగ్రాం ముఖమే గిట్టలేదు.

అప్పుడు ఆసుపత్రి కంప్యూటరాయన వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు. కీబోర్డు మీద ముక్కలు రాల్చుకుంటూ ఏదో చేసి, "వర్చువల్ మెషీన్ పెట్టానక్కా" అన్నాడు.

"అంటే?"

"కొత్త కంప్యూటరు లోపల పాత కంప్యూటరు ఉన్నట్టు నటిస్తుందన్నమాట. ఇదిగో, ఈ కిటికీ తెరిస్తే లోపలంతా పాతదే. మీ ప్రోగ్రాం పాత ఇంట్లోనే ఉన్నాననుకుని హాయిగా పనిచేసుకుంటుంది."

"దానికి తెలీదా మరి?"

"తెలియనివ్వం."

నిజంగానే కిటికీ తెరిస్తే ఆ పాత నీలిరంగు తెర, ఆ మొద్దు అక్షరాలు. పోయిన మనిషి మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడ్డట్టు ఆమెకు సంతోషమూ వేసింది, కొంచెం భయమూ వేసింది. అసలు చిక్కు ఆ తర్వాత బయటపడింది. ప్రోగ్రాం నడవాలంటే ఏటేటా కంపెనీ అనుమతి పొడిగించాలి. పొడిగించే నాథుడు లేడు. కంప్యూటరాయన బుర్ర గోక్కుని, ఆ కిటికీలోని గడియారాన్ని ఏళ్లు వెనక్కి తిప్పి, చివరి అనుమతి ఇంకా బతికున్న ఒక మంగళవారం దగ్గర నిలబెట్టాడు. గడియారం ముందుకు నడిస్తే మళ్లీ గడువు దాటిపోతుంది కాబట్టి సాయంత్రం పని ముగించేటప్పుడు 'తిరిగి మొదటికి' అనే బొత్తాం నొక్కమన్నాడు. నొక్కితే ఆ రోజు ఆ కిటికీలో చేసిందంతా చెరిగిపోతుంది. పొద్దున తెరిస్తే మళ్లీ అదే మంగళవారం.

బయట వానలు వచ్చాయి, ఎండలు వచ్చాయి, మేస్త్రీ జుట్టు నెరిసింది, ఇన్‌ఛార్జికి కళ్లద్దాలు వచ్చాయి. కొత్త ప్రోగ్రాం కావాలని ఆయన పైకి రాస్తూనే ఉన్నాడు, పైవాళ్లు చూస్తూనే ఉన్నారు. కిటికీలో మాత్రం ఆ మంగళవారం కదల్లేదు. కదలకుండా ఒక్క క్షణం ఉండలేని మనిషికి కదలని రోజు అప్పగించారు.

కంప్యూటరాయన వెళ్తూ వెళ్తూ ఒక జాగ్రత్త చెప్పాడు. "గడియారం ఎన్నేళ్లు వెనక ఉందో, పుట్టిన సంవత్సరంలోంచి అన్నేళ్లు తీసేసి కొట్టండి. అప్పుడే వయసు సరిగ్గా వస్తుంది."

"మర్చిపోతే?" అనుమానం ఆమెను అడగకుండా ఉండనిస్తుందా.

"మర్చిపోతే అదే ఊరుకోదక్కా. చూడండి" అని, వరండాలో ఏడుస్తున్న ఒక చంటిదాని పుట్టిన తేదీ ఉన్నదున్నట్టు కొట్టి చూపించాడు. తెరమీద ఎర్ర పెట్టె వచ్చింది: పుట్టిన తేదీ తప్పు. "ఇంకా పుట్టని పిల్లకి బ్రేసేంటి అని తిడుతోంది. ఇంక మీకు బెంగ లేదు."

ఆమెకు నిజంగానే బెంగ తీరింది. తాళాన్నీ గ్యాసునీ తన చేతులనీ నమ్మని మనిషి ఆ ఎర్ర పెట్టెను నమ్మింది. అనుమానం అక్కర్లేని వస్తువు ఒకటి దొరికినందుకు ఎంత హాయిగా ఉండేదో ఆమెకే తెలుసు. తీసెయ్యాల్సిన అంకెను ఒక చీటీ మీద రాసి తెర మూలన అతికించింది. ఏడాది మారినప్పుడల్లా చీటీ మారేది. ఇప్పుడక్కడ తొమ్మిది ఉంది.

ఆ రోజు ఉదయం ఆరేళ్ల పిల్లవాడొకణ్ణి వాళ్లమ్మ తీసుకొచ్చింది. వాడు కొలతల బల్ల మీద కూర్చుని కాళ్లాడిస్తూ, "ఆంటీ, కితకితలు పెట్టొద్దు" అని ముందే ఒప్పందం చేసుకున్నాడు. బొంగరం కొలిచింది, కిటికీ తెరిచింది, మాటల్లో పడి పుట్టిన తేదీ ఉన్నదున్నట్టు కొట్టేసింది. ఎర్ర పెట్టె వచ్చింది.

"ఓరి నీ, నువ్వింకా పుట్టలేదటరా!"

పిల్లవాడు ఫక్కున నవ్వాడు. వాళ్లమ్మ నవ్వింది. ఆమె కూడా నవ్వుతూ తొమ్మిదేళ్లు తీసేసి మళ్లీ కొట్టింది. ప్రింటరు కాగితాన్ని బయటికి తోస్తోంది. ఆ కాగితం అందుకోబోతున్న చెయ్యి మధ్యలో ఆగిపోయింది.

పెట్టె వచ్చింది, ఎందుకంటే ఆ మంగళవారానికి వీడు పుట్టలేదు. మరి ఆ మంగళవారానికే పుట్టి ఉన్నవాళ్లు? పదేళ్ల పిల్లలు, పన్నెండేళ్ల పిల్లలు? వాళ్ల తేదీ తీసెయ్యకుండా కొడితే దానికి తప్పేం కనిపిస్తుంది? పదేళ్ల పిల్లను ఏడాది పిల్ల అనుకుని, నోరెత్తకుండా, ఏడాది పిల్లకు సరిపోయే రేకు రాసి ఇస్తుంది.

తేడా రెండేళ్లున్న రోజుల్లో ఇది పెద్ద సంగతి కాదు. ఏటా ఒక్కొక్కటే పెరిగింది కాబట్టి ఎవరి కంటికీ ఆనలేదు. ఇన్నేళ్లుగా తను నమ్ముకున్న కాపలాదారు చిన్నపిల్లల గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. పెద్దపిల్లల గుమ్మం బార్లా తెరిచి ఉంది.

ఆ వెంటనే జడల పిల్ల గుర్తొచ్చింది.

ఆ పిల్ల పోయిన నెల వచ్చింది. రెండు జడలు, నోరు నిండా మాటలు, పదేళ్లు. కొలతల బల్ల మీద కూర్చోమంటే దిగి వచ్చి కంప్యూటరు పక్కన నిలబడింది. "నా పుట్టినరోజు నేనే చెప్తా. మీరు కొట్టండి" అని, సంవత్సరాన్ని అంకె అంకెగా విడదీసి, మాస్టారు డిక్టేషను చెప్పినట్టు చెప్పింది. బొంగరం వేళ్లు ఆ గొంతు వెంట వెళ్లాయి. అది బాగా గుర్తుంది. ఆ తర్వాత తొమ్మిది తీశానా? తీశాను. తీసే ఉంటాను. తీసినట్టు గుర్తుందా? ఆ పిల్ల తెరవైపే చూస్తోంది. సంవత్సరం మార్చి ఉంటే ఊరుకునేదా, "తప్పు కొట్టారు" అని గోల చేసేది. గోల చేసిన గుర్తు లేదు.

చూసుకుందామంటే కిటికీలో ఏముంది? మంగళవారం ఉంది. ఆ సాయంత్రం తన చేత్తోనే బొత్తాం నొక్కింది. ప్రింటు కాగితం ప్లాస్టరు బురదలో నలిగి ఎప్పుడో చెత్తలోకి పోయింది. ఆ పిల్ల ఆసుపత్రి కార్డు తీసింది. కార్డు మీద డాక్టరు రాత: ఈ ఏడాది బ్రేసు గట్టిగా పట్టి ఉంచితే ఆపరేషను తప్పించవచ్చు. గట్టిగా అన్న మాట కింద గీత కూడా గీశాడు మహానుభావుడు.

మేస్త్రీ దగ్గరికి పరుగెత్తింది. "ఆ జడల పిల్లకి ఏ రేకు వేశావు?"

మేస్త్రీ గ్లౌజులు కూడా తీయలేదు. "మళ్లీ మొదలైందా?"

"పుణ్యముంటుంది, చెప్పు. మూడు మిల్లీమీటర్లా, అయిదా?"

"కాగితంలో ఏదుంటే అది. రోజూ ఇన్ని కాళ్లు చేస్తాను, ఏ కాలు ఎవరిదో నా కలలోకొచ్చి చెప్తాయా? లోపల మెత్త అతికించాక మూడో అయిదో నీకూ తెలీదు, నాకూ తెలీదు."

ఇన్‌ఛార్జి ఇంకా నిదానంగా విన్నాడు. విని, కళ్లద్దాలు తుడుచుకుని, "వచ్చే నెల చూపించుకోవడానికి వస్తుందిగా. అప్పుడు చూద్దాం" అన్నాడు.

"వచ్చే నెలదాకా నేను బతకాలి కదండీ."

"మీరు బతుకుతారమ్మా. మమ్మల్నే చంపుతారు."

కార్డు మీదున్న నంబరుకు ఫోను చేసింది. మోగింది, ఆగింది. మళ్లీ చేసింది. కాలుకాలిన పిల్లిలా తలుపుకీ కిటికీకీ మధ్య తిరుగుతూ చేసింది. ఎవరూ ఎత్తలేదు. పూట సెలవు చీటీ ఇన్‌ఛార్జి బల్ల మీద పెట్టి, రేకు మందం కొలిచే పరికరం సంచిలో వేసుకుని బయటపడింది. వెనక నుంచి మేస్త్రీ, "అది కూడా సరిగ్గానే ఉంటుంది, ఊరికే పోతున్నావు" అని అరిచాడు. నీ నోట్లో చక్కెర పొయ్య, అనుకుంది. ఆ పూట ఆమె అంతకంటే ఎక్కువ ఏమీ కోరుకోలేదు.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడింది. భర్తకు ఫోను చేసింది.

"నువ్వు తీసే ఉంటావు. తీయకుండా ఉండే మనిషివా నువ్వు? ఇంట్లో గ్యాసు కట్టేశానా లేదా అని నన్ను మధ్యలో వ్యాను ఆపించి పంపిన దానివి."

"ఇది గ్యాసు కాదండీ. తీశానో లేదో నాకు గుర్తు లేదు."

"నీకెప్పుడు గుర్తుంటుంది గనక?"

"అది కాదు. తాళం సంగతి గుర్తుండదు, అయినా అనుమానం వస్తుంది. దీని మీద నాకు అనుమానమే రాలేదు. నెల్లాళ్లుగా ఒక్కసారి రాలేదు. నాకు భయమేస్తోంది."

అటువైపు వ్యాను ఆగిన చప్పుడు వచ్చింది. వెనక ఎవరిదో హారను. "సరే, వెళ్లి చూడు. చూసి ఫోన్ చెయ్యి" అన్నాడు. ఎప్పుడూ ఆటపట్టించే మనిషి మెత్తగా మాట్లాడేసరికి ఆమెకు ఇంకా కంగారెక్కింది. బస్సు సిగ్నలు దగ్గర ఆగితే ఆ ఆగడం భరించలేక అక్కడే దిగి నడిచింది. నడుస్తుంటే ఆ బస్సే ఆమెను దాటుకుని వెళ్లిపోయింది.

ఇల్లు మూడంతస్తుల పాత కట్టడంలో పై వాటా. మెట్ల మీద పెయింటు లేచిపోయి ఉంది, కటకటాలకు తడిబట్టలు వేలాడుతున్నాయి. తలుపు తీసింది అమ్మమ్మ. ఆ పిల్ల తల్లి షిఫ్టు డ్యూటీకి పోతే ఇంట్లో ఉండేది ఆమే. కొలతలమ్మను గుర్తుపట్టి ముసలావిడ ముఖం విప్పారింది. ఫోను ఏదని అడిగితే, దిండు కింద ఎక్కడో మోగుతూ ఉంటుందిలే అని చేత్తో కొట్టిపారేసింది.

"మిమ్మల్ని తలుచుకోని రోజు లేదమ్మా. మీ కడుపు చల్లగా ఉండాలి. ఇన్నేళ్లలో ఇన్ని బ్రేసులు వేశారా, ప్రతిదానికీ ఏడుపే. పడుకోబోయే ముందు కాలు చూసుకుని ఏడ్చేది. ఇది వేసినప్పటినుంచి ఒక్కనాడు ఏడవలేదు. మెట్లు కూడా తనే ఎక్కి దిగుతోంది. ఏం మహత్యం పెట్టారో ఏమో!"

ముసలావిడ పొగుడుతున్న కొద్దీ బొంగరానికి సంగతి అర్థమవుతోంది. గట్టి బ్రేసు కాలిని బతిమాలదు, పట్టి నిలబెడుతుంది. పాదం తన పాత దారికి పోబోతుంది, బ్రేసు పోనివ్వదు. ఆ పెనుగులాటే నొప్పి. నొప్పి లేదంటే పాదం తన దారినే పోతోందన్నమాట. ఇంక కొలవక్కర్లేదు. అయినా కొలవకుండా ఉండలేదు.

కింది నుంచి చప్పుడు వినిపించింది. ఒక మెత్తని అడుగు, ఒక ప్లాస్టిక్ అడుగు. జడల పిల్ల పైకి వస్తోంది. గుమ్మంలో ఆమెను చూసి, "కొలతలాంటీ!" అని కేక పెట్టి, చివరి రెండు మెట్లు ఒకే గెంతులో ఎక్కేసింది. బొంగరం ఒక అడుగు ముందుకు వేసింది.

"గెంతకమ్మా, గెంతకు. ఇలా కూర్చో."

"నేనిప్పుడు గెంతగలను. చూపించనా?"

"వద్దు. కాలు చాపు."

ఆమె నేల మీద కూర్చుంది. పిల్ల మంచం అంచున కూర్చుని కాలు చాపింది. బ్రేసు మీద పూల స్టిక్కర్లు అతికించి ఉన్నాయి. మడమ వంపు దగ్గర, స్టిక్కరు పక్కన, వెంట్రుకంత తెల్లటి గీత. ప్లాస్టిక్ పదేపదే వంగితే ముందు అలా తెల్లబారుతుంది, తర్వాత పగులుతుంది. అడుగున బయటి అంచు అరిగిపోయింది, లోపలి అంచు కొత్తదానిలా ఉంది. సంచిలోంచి పరికరం తీసి, మెత్త లేని చోట అంచుకు పెట్టింది. మూడు. మూడుసార్లు పెట్టినా మూడే.

జీవితంలో మొదటిసారి ఆమె అనుమానం నిజమైంది. ఇన్నాళ్లూ ప్రతిసారీ తప్పయినందుకు అందరూ నవ్వుతుంటే, ఒక్కసారైనా నిజం కాకూడదా అని లోలోపల కోరుకున్న సందర్భాలు లేకపోలేదు. ఇప్పుడు ఆ కోరిక తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

చిన్న రిపేరుందని చెప్పి తీసుకుపోవచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. పిల్ల ముఖం చూస్తే ఆ మాట రాలేదు.

"అమ్మా, ఈ బ్రేసు తప్పుగా చేశాను. నీ పుట్టిన సంవత్సరం కంప్యూటరుకి సరిగ్గా చెప్పలేదు. అందుకని పల్చటి రేకు వచ్చింది. ఇది నీ కాలిని పట్టి ఉంచట్లేదు. తీసెయ్యాలి."

"నేను సరిగ్గానే చెప్పాను" అంది పిల్ల వెంటనే.

"నువ్వు సరిగ్గానే చెప్పావు. నువ్వు చెప్పింది మార్చి కొట్టడం నా పని. మా కంప్యూటరులో గడియారం వెనక ఉంటుంది. నేను మార్చలేదు."

"అయితే అది నన్ను ఎంత పిల్లననుకుంది?"

"ఏడాది పిల్లవనుకుంది."

పిల్లకు నవ్వొచ్చింది. "ఏడాది పిల్లలకి నడకే రాదు కదా! నేను గెంతుతున్నాను కదా దీంతో!" నవ్వుతూనే అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ నవ్వడం లేదు. కొలతలాంటీ నవ్వడం లేదు. పిల్ల నవ్వు మెల్లగా ఆరిపోయింది.

ముసలావిడ, "అయితే నెల్లాళ్లూ దీని కాలు..." అని ఆగింది.

"కొంచెం లోపలికి తిరిగిందమ్మా. మించిపోలేదు. రేపు పొద్దున్నే తీసుకురండి, డాక్టరుగారికి నేనే చెప్తాను, నా తప్పేనని చెప్తాను. రెండు రోజుల్లో కొత్తది చేయిస్తాను. అప్పటిదాకా పాత బ్రేసు వెయ్యాలి. ఖాళీగా ఉంచకూడదు."

ముసలావిడ తిట్టినా బాగుండునని బొంగరానికి అనిపించింది. ముసలావిడే వంగి మంచం కిందనుంచి పాత బ్రేసు తీసింది. దుమ్ము దులిపి బొంగరం ఒళ్లో పెట్టింది, ఎవరు చేసిన పని వాళ్లే చూసుకోవాలన్నట్టు.

పిల్ల పల్చటి బ్రేసును రెండు చేతులతో పట్టుకుంది. "ఇదొక్కటే నాకు నొప్పి పెట్టలేదు."

"తెలుసు తల్లీ."

"కొత్తది నొప్పి పెడుతుందా?"

నొప్పి పెట్టదు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఏళ్ల తరబడి బల్ల మీద కూర్చున్న ప్రతి పిల్లకూ ఆమె అదే చెప్పింది. "పెడుతుంది" అంది.

పిల్ల ఏడుస్తుందనుకుంది. ఏడవలేదు. స్టిక్కర్లు ఒక్కొక్కటే గోటితో లేపి మంచం కోడుకు అతికించుకుంది. అన్నీ అయ్యాక బ్రేసు విప్పి, ఆమెవైపు చూడకుండా ఇచ్చేసింది. వట్టి పాదం ఆమె అరచేతిలో పెట్టింది. ఆ పాదం వెచ్చగా ఉంది, నెమ్మదిగా లోపలికి ఒరిగిపోతోంది. బొంగరం దాన్ని తిన్నగా పట్టుకుని పాత బ్రేసులోకి ఎక్కించింది. ఇరుకైపోయింది, వేళ్లు అంచుకు తగులుతున్నాయి. పై పట్టీ బిగించింది. మడమ మీద పట్టీ బకిల్లోకి లాగి, ముల్లును దొరికిన బెజ్జంలో పెట్టి వదిలేసింది.

"అది కాదు" అంది పిల్ల. "దాని తర్వాతది."

ఆ తర్వాతి బెజ్జం చుట్టూ తోలు అరిగి నల్లబడి ఉంది. ఏది బిగించాలో ఆమెకు తెలుసు. కొలతలమ్మకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? పట్టీ కొస పట్టుకుంది. లాగాలనుకుంది. చేతులు లాగలేదు.

పిల్ల కాసేపు చూసింది. తర్వాత ఆ చేతులను పక్కకు జరిపి, ముందుకు వంగి, కింది పెదవి పంటి కింద పెట్టుకుని, పట్టీని తనే రెండు చేతులా లాగి నల్లటి బెజ్జంలో బిగించుకుంది.

"ఇంత బిగించాలి ఆంటీ" అంది.